ఎవరూ కానివారు

రాత్రి పదకొండు దాటితే మన్సూరాబాద్‌లో మా వీధిలో కుక్కలు తప్ప ఎవరూ మేలుకుని ఉండరు. అలాంటిది మొన్న వేసవిలో వరసగా మూడు రాత్రులు మా ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లం జాగారం చేశాం. శివరాత్రి కాదు సుమండీ! అరచేతిలో పట్టేంత పచ్చ బోర్డొకటి నిద్ర లేవనని మొండికేసింది.

మా అమ్మాయి ఎంబెడెడ్ సిస్టమ్స్ కోర్సు చేస్తోంది. యంత్రాల కడుపులో దాక్కుని పనిచేసే చిన్న కంప్యూటర్ల చదువది. ప్రాజెక్టు చూపించడానికి ఇంకా నాలుగు రోజులే గడువు. పిల్లకి అన్నం సయించడం లేదు. బి.ఏ. చదివిన నాకు చేతనైంది టీ పెట్టి పక్కన కూర్చోవడమే. మా అత్తమ్మ గది బయట గడప దగ్గర కూర్చునేది. "లోపలికి రా నానమ్మా" అంటే, "ఈడ మంచిగనే ఉంది బిడ్డా" అనేది.

"అసలు దీని రోగమేమిటే?" అన్నాను.

"దీనికి సొంత ఇల్లు లేదమ్మా!"

సామానంతా మెమరీ కార్డులో పెడితే, చిన్న మార్పు చేసినప్పుడల్లా కార్డు తీసి మళ్లీ రాయాలట. అందుకని బోర్డు వైరు గుండా ల్యాప్‌టాప్‌ని అడిగి, అక్కడి ఫోల్డరునే తన ఇల్లు చేసుకుంటుంది. ఈ ఏర్పాటు పేరు నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్. సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్లు 1984లో తయారుచేశారు. ముందు యూ-బూట్ అనే చిన్న ప్రోగ్రాము కళ్లు తెరిచి, ల్యాప్‌టాప్ నుంచి కెర్నల్‌ని తెచ్చుకుంటుంది. ఆ కెర్నల్ తనకో చిరునామా పెట్టుకుని "నా ఇల్లేది?" అని అడుగుతుంది.

మొదటి రాత్రి కథ ఆ ప్రశ్న దగ్గరే ఆగింది. తెర మీద "కెర్నల్ పానిక్" అని పడింది. పిల్ల వైరు మార్చింది, చిరునామాలు సరిచూసింది, ఫైర్‌వాల్ ఆపి చూసింది. రెండో రాత్రికి గుట్టు తెలిసింది. బోర్డులోది పాత కెర్నల్. అది 1980ల నాటి రెండో వెర్షన్ భాషలో అడుగుతోంది. కొత్త ల్యాప్‌టాప్‌కి ఆ భాష రాదు. 1995లో వచ్చిన మూడో వెర్షనూ, దాని తర్వాతవీ మాత్రమే వచ్చు. కెర్నల్‌కిచ్చే ఆజ్ఞల వరసలో "వి3" అని చేర్చగానే తలుపు తెరుచుకుంది.

మూడో రాత్రి ఇంకో తంటా. ఇంట్లోకైతే వచ్చింది గానీ ఏ వస్తువు ముట్టుకోబోయినా "అనుమతి లేదు" అని వరసే వరస. చాలాసేపు తల పట్టుకున్నాక మా అమ్మాయి నవ్వింది.

"అమ్మా, బోర్డులో రూట్ అంటే ఇంటి యజమాని. అన్నిటి మీదా హక్కు దానిదే. కానీ వైరు దాటి వేరే కంప్యూటరుకి వస్తే ఆ హక్కు చెల్లదు. యజమాని నంబరు సున్నా కదా, దాన్ని తీసేసి 65534 ఇస్తారు. పేరు నోబడీ. దీన్ని రూట్ స్క్వాష్ అంటారు."

"నోబడీ అంటే ఏంది బిడ్డా?" అంది గడప దగ్గర్నుంచి అత్తమ్మ.

"ఎవరూ కాదని, నానమ్మా."

"గట్లనా! మరి నా లెక్కనే." నవ్వుతూనే అంది.

నా చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

మామయ్య పోయాక, రెండేళ్ల కిందట, నల్గొండ జిల్లాలో ఇల్లు తాళం వేసుకుని మా దగ్గరికొచ్చింది. అక్కడ తాళంచెవులు ఆవిడ బొడ్లోనే ఉండేవి. వడ్లు కొలిచినా, కూలి ఇచ్చినా ఆవిడ చేతి మీదే. ఇక్కడ ఫ్రిజ్ ముందు నిలబడి, "బిడ్డా, ఇంత పెరుగు తీసుకోవచ్చునా?" అని అడుగుతుంది. ఎంత మర్యాదస్తురాలో అని మురిసిపోయేదాన్ని. అది మర్యాద కాదని ఆ రాత్రిదాకా నాకు తోచలేదు. నవలల్లో అత్తాకోడళ్ల మనసులు పేజీలకు పేజీలు రాసినదాన్ని!

అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఎక్స్‌పోర్ట్స్ అనే ఫైలు తెరిచి, బోర్డు పేరున ఉన్న వరసలో "నో రూట్ స్క్వాష్" అని చేర్చింది.

"అందరికీ ఇస్తే ప్రమాదమమ్మా. ఈ ఒక్క బోర్డు చిరునామాకే ఇస్తున్నా. ఇది మనదే కదా."

రెండు నిమిషాల్లో బోర్డు పూర్తిగా లేచి కూర్చుంది. పిల్ల మూడు రోజుల తర్వాత కడుపునిండా అన్నం తింది.

తెల్లారి సామాన్ల గది తాళంచెవి అత్తమ్మ చేతిలో పెట్టాను. "ఈసారి మామిడికాయ తొక్కు మీ లెక్క ప్రకారమే, అత్తమ్మా. కారమెంత, ఉప్పెంత అని నన్నడక్కండి" అన్నాను. తాళంచెవిని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకుని, మాట్లాడకుండా బొడ్లో దోపుకుంది.

అంతటితో అంతా సర్దుకుందని చెప్పను. ఇప్పటికీ అప్పుడప్పుడూ అడుగుతూనే ఉంటుంది. యంత్రానికి ఒక్క ముక్క రాస్తే చాలు, మనిషికి రోజూ చెప్పాలి. నిన్న మధ్యాహ్నం మాత్రం ఫ్రిజ్ తెరిస్తే పెరుగు గిన్నె ఖాళీ. మజ్జిగైనా లేకుండా అన్నం తిన్నాను. చాలా రుచిగా ఉంది.