ఓజార్క్ కొండల్లో నాన్న, నేను, 16 మిల్లీమీటర్లు

అమెరికాలో మనవాళ్లు ఎక్కడుంటారంటే ఎవరైనా న్యూజెర్సీ, డల్లాస్ అంటారు. బెంటన్‌విల్ అంటే "అదెక్కడ?" అని అడుగుతారు. ఆర్కన్సా రాష్ట్రానికి వాయవ్య మూలన, ఓజార్క్ కొండల్లో ఉన్న చిన్న ఊరు. శామ్ వాల్టన్ 1950లో ఇక్కడి చౌరస్తాలో కొట్టు తెరిచాడు. 1962లో పక్కనే ఉన్న రోజర్స్‌లో మొదటి వాల్‌మార్ట్ పెట్టాడు. ఆ కంపెనీ హెడ్డాఫీసు ఇప్పటికీ ఈ ఊళ్లోనే ఉంది. దాని చుట్టూ ఉన్న ఐటీ పనుల కోసం మన తెలుగువాళ్లు చాలామంది వచ్చారు. వాళ్లలో నేనూ ఒకణ్ని.

ఈ ఊరికి ఇంకో గొప్ప ఉంది. "ప్రపంచ మౌంటెన్ బైకింగ్ రాజధాని" అని తనకు తనే పేరు పెట్టుకుంది. క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం దగ్గర్లో స్లాటర్ పెన్ దారులు, పడమటి వైపు కోలర్ దారులు. ఓక్ చెట్ల మధ్య సున్నపురాళ్లు, వేళ్లు, మలుపులు. ఆఫీసయ్యాక అందరూ సైకిళ్లెక్కేవాళ్లే. చూసి చూసి నేనూ ఒక ఫుల్ సస్పెన్షన్ సైకిల్ కొన్నాను. సెకండ్ హ్యాండే, అయినా మన డబ్బుల్లో లక్షన్నర దాటింది.

అమ్మానాన్న అక్టోబర్‌లో వచ్చారు. నాన్న ఆర్టీసీలో డ్రైవరు. మార్కాపురం డిపోలో 28 ఏళ్లు చేసి రిటైరయ్యాడు. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ రోడ్డు ఆయనకి కంఠతా వచ్చు. ఇప్పుడు నడుముకి బెల్టు లేకుండా గంటసేపు కూర్చోలేడు.

ఆయన వచ్చిన మూడోరోజే నేను పడ్డాను. స్లాటర్ పెన్‌లో దిగుతుంటే ఒక రాయి మీద వెనక చక్రం తన్నినట్టు ఎగిరింది. మోచెయ్యి గీరుకుపోయింది. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. "అమ్మెయ్‌రా దాన్ని" అంది. నాన్న ఏమీ అనలేదు. గ్యారేజీలోకి వెళ్లి సైకిల్ సీటు మీద రెండు చేతులూ ఆనించి గట్టిగా నొక్కాడు.

"ఏందిరా ఇది, బండలాగుంది? ఖాళీ బస్సు గుంతలో పడితే ఎట్లా ఎగురుద్దో తెలుసా? కమాన్ పట్టీలు నిండు బస్సు కోసం చేసినవి. జనం ఎక్కితేనే అది ఒదుగుద్ది."

నాకప్పుడు వెలిగింది. నాకు అమ్మినాయన నాకంటే చాలా బరువైన మనిషి. ఆయన కొట్టించుకున్న గాలి మీదే నేను నెల రోజులుగా తొక్కుతున్నాను! ఇంజనీరింగ్ చదివింది నేను, కనిపెట్టింది ఆయన.

ఆ శనివారం కోలర్ పార్కింగ్‌లో ఇద్దరం పని మొదలుపెట్టాం. సీటు మీద కూర్చోగానే మన బరువుకి వెనక షాక్ కొంచెం దిగాలి. దాన్నే సాగ్ అంటారు. "సాగా? వ్యవసాయమా?" అని నవ్వాడు నాన్న. కాస్త దిగి ఉంటేనే చక్రం గుంత వచ్చినప్పుడు కిందికీ, రాయి వచ్చినప్పుడు పైకీ కదిలి నేలను వదలకుండా ఉంటుంది. ఇలాంటి దారులకి షాక్ స్ట్రోక్‌లో 25 నుంచి 30 శాతం దిగితే బాగుంటుంది. నా షాక్ స్ట్రోక్ 55 మిల్లీమీటర్లు. అంటే 16 దాకా రావాలన్నమాట.

హెల్మెట్, బూట్లు, నీళ్ల బ్యాగు అన్నీ వేసుకున్నాను. తొక్కేటప్పుడు ఎంత బరువుంటామో అంతే ఉండాలి. షాక్ మీటను ఓపెన్‌లో పెట్టాను. నాన్న హ్యాండిల్ పట్టుకున్నాడు. మెల్లగా ఎక్కి పెడల్స్ మీద కాళ్లు పెట్టి, ఊగకుండా కూర్చున్నాను. షాక్ మీదుండే చిన్న రబ్బరు రింగును నాన్న సీలు దాకా జరిపాడు. మళ్లీ ఊగకుండా దిగాను. రింగు జరిగిన దూరం స్కేలుతో కొలిస్తే 9 మిల్లీమీటర్లు. అంటే 16 శాతమే!

షాక్ పంపు బిగిస్తే 240 పీఎస్ఐ చూపించింది. ఒకేసారి వదిలెయ్యకూడదు. షాక్‌లో రెండు గదులుంటాయి. కొంచెం కొంచెం వదులుతూ మధ్యమధ్యలో సీటును మెల్లగా పది సార్లు నొక్కితే రెండింట్లో గాలి సర్దుకుంటుంది. గాలి కొట్టేటప్పుడూ అంతే, కంపెనీ చెప్పిన గరిష్ఠం మాత్రం దాటకూడదు. పంపు తీసేటప్పుడు వచ్చే బుస్సుమనే శబ్దం పైపులో మిగిలిన గాలిది, కంగారు పడక్కర్లేదు.

200 దగ్గర 12 వచ్చింది. 170 దగ్గర 15. ఆ తర్వాత అయిదేసి చొప్పున తగ్గిస్తే 160 దగ్గర సరిగ్గా 16. గాలి తగ్గింది కదా అని రీబౌండ్ కూడా రెండు క్లిక్కులు వదులు చేశాను, లేకపోతే షాక్ పైకి రావడం ఆలస్యమవుతుంది.

ఒక రౌండు వేసి వచ్చాను. అవే రాళ్లు, అవే వేళ్లు. వెనక చక్రం నేలకి అతుక్కుని వచ్చింది. నడుముకి దెబ్బే తెలియలేదు. ఆ మాటే నాన్నకి చెప్పాను.

ఆయన షాక్ మీద చెయ్యి పెట్టి చూస్తూ, "మా సీటు కింద ఇట్లాంటిదొకటి ఉంటేనా..." అని ఆగిపోయాడు. నేను మాట్లాడలేకపోయాను. నా ఫీజులన్నీ ఆ సీటు మీద కూర్చుని కట్టినవే.

వాళ్లు వెళ్లిపోయి రెండు నెలలైంది. నెలకోసారి గాలి చూస్తున్నాను. చలికి గాలి ఒత్తిడి తగ్గుతుంది, మొన్న రింగు 18 దగ్గరుంది. మీ సైకిల్ ఎవరి దగ్గర కొన్నా, ముందు మీ బరువుకి సరిచూసుకోండి.

ఆదివారం ఫోన్‌లో అమ్మ "తిన్నావా?" అంటుంది. వెనక నుంచి నాన్న గొంతు వినిపిస్తుంది: "ఒరేయ్, గాలి చూశావా?"