రాష్ట్రపతి పేరున రాసిచ్చిన బాండు

2013లో మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి ఇటలీ నుంచి గుజ్జు నింపే అసెప్టిక్ ఫిల్లర్ యంత్రం తెప్పించాం. ఫ్యాక్టరీ గంగవరం దగ్గర. నేనూ మా ఆయనా మా మరిదీ భాగస్తులం. లెక్కలు, కాగితాలు నేను చూస్తాను. యంత్రం ఈపీసీజీ లైసెన్సు మీద చెన్నై రేవులో దిగింది. ఆ లైసెన్సు ఉంటే దిగుమతి సుంకం కట్టక్కర్లేదు. బదులుగా, కట్టకుండా మిగిలిన సుంకానికి ఆరు రెట్ల సరుకు ఆరేళ్లలో ఎగుమతి చేయాలి. మాకు మిగిలిన సుంకం 22 లక్షలు. చేయాల్సిన ఎగుమతి కోటీ 32 లక్షలు.

దీనికి కస్టమ్స్‌లో బాండు రాసివ్వాలి. అది భారత రాష్ట్రపతి పేరున ఉంటుంది. మాట తప్పితే సుంకమూ, దానిపై ఏడాదికి 15 శాతం వడ్డీ కడతామని మేమూ మా వారసులూ కట్టుబడుతున్నట్టు స్టాంపు కాగితం మీద రాసిచ్చాం. తోడుగా బ్యాంకు గ్యారంటీ. దానికి మేం కాపురముంటున్న ఇల్లే తాకట్టు పెట్టాం. ప్రతి పేజీ కిందా సంతకం చేశాను. అప్పుడు భయం వేయలేదు. సీజన్‌లో బంగారుపాళెం వైపు నుంచి తోతాపురి ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరేవి. కోటీ 32 లక్షలు ఆరేళ్లలో కష్టమేం కాదనుకున్నాం.

గుజ్జు నిజంగానే విదేశాలకు వెళ్లింది. మాలాంటి చిన్న ఫ్యాక్టరీ నేరుగా గల్ఫ్ కొనుగోలుదారును పట్టుకోవడం కష్టం. మర్చంట్ ఎక్స్‌పోర్టర్‌కు ఇస్తాం, ఆయన తన పేరున పంపుతాడు. నిబంధనలు దీన్ని ఒప్పుకుంటాయి. కాకపోతే షిప్పింగ్ బిల్లులో ఆయన పేరుతో పాటు మా పేరూ, మా లైసెన్సు నంబరూ ఉండాలి. ప్రతి లోడుతో నంబరు రాసి పంపేదాన్ని. ఒక ఎగుమతిదారు వేసిన బిల్లుల్లో ఆ గడి ఖాళీగానే ఉంది. 215 కిలోల డ్రమ్ములు, వాటి మీద మా బ్యాచ్ నంబర్లు, ఓడ ఎక్కాయి. కస్టమ్స్ లెక్కలో అవి మా ఎగుమతి కాదు.

2019లో గడువు అయిపోయింది. సగానికే లెక్క కుదిరింది. మిగతా బిల్లులు సరిచేయించే ప్రయత్నంలో ఉండగా కరోనా వచ్చిపడింది.

2021 జూలైలో నోటీసు వచ్చింది. ఎగుమతి పూర్తయిన సర్టిఫికెట్ చూపలేదు కాబట్టి సుంకం, వడ్డీ ఎందుకు వసూలు చేయకూడదో చెప్పమన్నారు. వడ్డీ అప్పటికే అసలును దాటింది. రెండూ కలిపి 48 లక్షల పైమాటే. నాకు చేతులు వణికాయి. కవరు బీరువాలో చీరల కింద దాచాను. అది రైతులకు కాయల డబ్బులివ్వాల్సిన వారం. మా ఆయనకు కూడా చెప్పలేదు. వారసులు అని నేనే సంతకం చేశాను, మావాడు అప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. రాత్రి అదే ఆలోచన.

మొదట చెప్పింది పుంగనూరులో ఉండే మా వదినకు. "ఏడ్చేది తర్వాత ఏడుద్దువు, ముందు చెన్నైకి ఫోన్ చెయ్యమ్మా" అంది.

చెన్నైలో మా క్లియరింగ్ ఏజెంటన్న ఒకటే చెప్పాడు. జవాబివ్వకుండా మాత్రం ఉండొద్దు, ఊరుకుంటే మన మాట వినకుండానే ఆర్డరు వేస్తారు. ఆయన మా పాత షిప్పింగ్ బిల్లులు ఒక్కొక్కటే ఏరి, బ్యాంకు రియలైజేషన్ సర్టిఫికెట్లతో జతచేశాడు. పని పూర్తయ్యేదాకా ఫీజు అడగలేదు. విచారణ వీడియోలో జరిగింది. నాకు గొంతు పెగల్లేదు. ఆయనే మాట్లాడాడు.

కస్టమ్స్ చట్టం 149వ సెక్షన్ కింద పాత షిప్పింగ్ బిల్లు సవరణ అడగొచ్చు. ఎగుమతి నాటికే ఉన్న పత్రాలు చూపించాలి. పత్రాలు మా దగ్గరున్నాయి. అడగాల్సింది మాత్రం బిల్లు వేసిన ఎగుమతిదారు. ఆయన అప్పటికే వ్యాపారం మూసేశాడు.

2022 చివర్లో ఆర్డరు మాకు వ్యతిరేకంగా వచ్చింది. అప్పీలుకు 60 రోజులు. ముందుగా సుంకంలో 7.5 శాతం జమ చేయాలి. దానికి వదిన గాజులు తీసిచ్చింది. బాండుకు తోడిచ్చిన గ్యారంటీ రెన్యువల్‌కు బ్యాంకుకు వెళితే, కౌంటరు ముందు అందరూ వినేలా నోటీసు సంగతి అడిగారు. ఆ తర్వాత చాన్నాళ్లు నేను బ్యాంకు గడప తొక్కలేదు, మరిదిని పంపాను.

2023 ఏప్రిల్ 1న కొత్త విదేశీ వాణిజ్య విధానంతో పాటు ఒక్కసారి పరిష్కార పథకం వచ్చింది. 2009-14 విధానం కింద ఇచ్చిన మాలాంటి లైసెన్సులకు అది వర్తించింది. చేయని ఎగుమతి ఎంతో, ఆ మేరకే సుంకం. వడ్డీ ఎంత పెరిగినా ఆ సుంకాన్ని మించకూడదన్నారు. కౌంటర్‌వెయిలింగ్ డ్యూటీ, స్పెషల్ అడిషనల్ డ్యూటీ భాగాలకు వడ్డీయే లేదు. సగం ఎగుమతికి మా బిల్లులు సరిగా ఉన్నాయి కాబట్టి సుంకం 11 లక్షలకు దిగింది. ఫోన్లో ఏజెంటన్న ఆ అంకె చెప్తుంటే కాగితం మీద రాసుకుని, ఇంకోసారి చెప్పమన్నాను.

ఆ డబ్బు కూడా మా దగ్గర లేదు. ఆ జూలై ఆఖరుకు మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో 200కు చేరువైంది. అక్కడ మండీ నడిపే మా మామ వరసాయన నోటు రాయించుకోకుండా డబ్బు సర్దాడు. ఆయన ఇవ్వకపోతే ఇల్లు పోయేది. కట్టాక, లైసెన్సు ఇచ్చిన డీజీఎఫ్‌టీ కార్యాలయం నుంచి సర్టిఫికెట్ వచ్చింది. అది చెన్నై కస్టమ్స్‌లో ఇచ్చాక బాండు రద్దయింది, గ్యారంటీ వెనక్కి వచ్చింది, ఇంటి కాగితాలు ఆ తర్వాత.

ఇంకొకరి పేరున సరుకు పంపేవాళ్లకు ఒకటి చెప్తాను. షిప్పింగ్ బిల్లు వేసేముందు ఏజెంట్లు చెక్‌లిస్ట్ అని ఒక ప్రతి తయారుచేస్తారు. కంటైనరుకు సీలు పడకముందే అది తెప్పించుకోండి. మీ పేరూ, లైసెన్సు నంబరూ కళ్లారా చూసుకోండి. ఇప్పుడు నేను అది చూడకుండా లారీని గేటు దాటనివ్వను. నోటీసు ఇప్పటికే వచ్చి ఉంటే, దాన్ని ఆ రోజే ఇంట్లో ఒకరికి చూపించండి.

వదిన గాజులు విడిపించాం. మామ బాకీ ఇంకా కొంత ఉంది, సీజన్‌కు కొంచెం చొప్పున తీరుస్తున్నాం.