రికార్డు పుస్తకము, రవికగుడ్డ

పదవతరగతి ఫలితములు వెలువడగానే ప్రతి యింటను ఒకటే చర్చ. మార్కులు మెండుగా వచ్చినవారు ఇంజనీరింగునకో, వైద్యమునకో పోవలెనట. తక్కువ వచ్చినవారు వృత్తివిద్యలో చేరవలెనట. మా యింటివారు ఉపాధ్యాయులగుటచే, సలహాకై మా యరుగెక్కు తలిదండ్రులను ఏటేట చూచుచున్నారము. వృత్తివిద్యను దండనగా నెంచువారే వారిలో అధికము.

1986 నాటి జాతీయ విద్యావిధానము, ఇంటర్మీడియెట్టు స్థాయి విద్యార్థులలో 1990 నాటికి నూటికి 10 మంది, 1995 నాటికి 25 మంది వృత్తివిద్యలో నుండవలెనని సంకల్పించినది. 1992లో ఆ గడువులను అయిదేసి యేండ్లు పొడిగించిరి. 2020 నాటి విధానపత్రమో, 2012-17 ప్రణాళిక అంచనాను చూపి, 19 మొదలు 24 ఏండ్ల వయసు పనివారిలో క్రమమైన వృత్తిశిక్షణ పొందినవారు నూటికి 5 గురికంటె తక్కువయనియు, జర్మనీలో 75 మందియనియు చెప్పినది. లెక్క లటుండ, మేము చూచినది చెప్పెదము.

మా వీథిలోని యొక బాలిక ఇంటర్మీడియెట్టులో దుస్తుల తయారీ చదివి మంచి మార్కులతో కృతార్థురాలైనది. కాగితముపై కొలతలు గీయుట, నూలుపట్టుల భేదములు, చిన్న చిన్న నమూనాలు కుట్టి రికార్డు పుస్తకమున అంటించుట, అన్నియు నేర్చినది. ఆ పుస్తకము చూడముచ్చటగా నుండెను. కాని పొరుగింటి పిన్నిగారు పట్టు రవికగుడ్డ తెచ్చి "అమ్మడూ, దీనికి కత్తెర వేయవే" యనగా ఆ పిల్ల చేయి వణకినది. రికార్డులోని గుడ్డ చంకలో పట్టదు, వీపున ముడుతపడదు. తొడిగిన మనిషికే యా చిక్కులన్నియు. కళాశాలలోనున్న కొలది కుట్టుమిషన్ల యొద్ద పిల్లలు వంతులు వేసికొనెడివారట. నలునకు యముడు వరమిచ్చుటచే పాకనైపుణ్యము అబ్బినది. మన పిల్లలకట్టి వరములు లేవు, చేయి కాల్చుకొని నేర్వవలసినదే.

పిమ్మట నామె యొక దర్జీ కొట్టులో చేరి, మొదట హుక్కులు, కాజాలు, తరువాత కత్తిరింపు నేర్చినది. అచ్చట ఆమె చదువు అక్కఱకు రాకపోలేదు. లెక్కలు వ్రాయుట, గుడ్డ యెంత పట్టునో ముందే చెప్పుట, ఏండ్ల తరబడి పనిచేసినవారికంటె ఆమెకే చక్కగా తెలియును. ఆ చదువు వట్టిది కాదు, సగము మాత్రమే. జర్మనీలో విద్యార్థులు వారమున ఒకటి రెండు దినములు బడిలో, తక్కిన దినములు పనిచోట గడపుదురు. మనకును మార్గము లేకపోలేదు. 1961 నాటి అప్రెంటిసు చట్టమును 1986లో సవరించి, ఇట్టి కోర్సులు ముగించినవారికి ఒక యేడు భృతితో శిక్షణ పొందు వీలు కల్పించిరి. ఆ బాలిక తండ్రికి ఈ సంగతి యెవరును చెప్పలేదు. చెప్పినను, కూతును పట్నము పంపుటకు ఆయన సమ్మతించియుండునా యని మా సందేహము. కొడుకైనచో పంపకుండునా?

దరఖాస్తు నింపుటకు ముందే అడుగవలసినవి కొన్ని కలవు: పిల్లలను పనిచోటులకు ఎన్ని దినములు పంపుదురు? పరికరములు ఎన్ని? నేర్పువారు ఆ పని చేసి యెఱిగినవారేనా? మున్ముందు డిగ్రీ చదువగోరినచో బ్రిడ్జికోర్సు పరీక్ష వ్రాయవలసియుండునా? ఈ కడపటిది మఱచి, రెండేండ్ల తరువాత మా యరుగుమీద కన్నీరు పెట్టుకొన్న తల్లులు కలరు.