పెంకు తట్టినట్టు

మాలూరులో పెంకును కంటితో చూసి కొనరు. చేత్తో ఎత్తి, వేలి మెటికతో తట్టి, ఖంగుమంటేనే బండికెక్కిస్తారు. మొద్దుగా మోగిందంటే ఎక్కడో వెంట్రుకంత పగులు ఉన్నట్టే.

ఆ ఊళ్లో ఒక పెద్దాయన వయొలిన్లు బాగుచేసి అమ్ముతారని విని, మా అమ్మాయి కోసం మొన్న ఆదివారం బెంగళూరు నుంచి రైల్లో వెళ్లాం. పెంకుటిల్లు, ముందు వసారా. అదే ఆయన పనిచోటు. స్టవ్ మీద వేడినీళ్ల గిన్నెలో సరేసు కరుగుతోంది.

"రామ్మా, కూర్చో" అంటూ రెండు వాయిద్యాలు దించారు.

మొదటిది పాతది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ వదిలి వెళ్లిన ఒక కుటుంబం అమ్ముకుందట. లోపల చీటీ మీద స్ట్రాడివేరియస్ పేరు చూసి గుండె జల్లుమంది. ఆయన టార్చి వేసి, అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న జర్మనీ అనే మాట చూపించారు. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చట్టం చేసింది. ఆ పేరు వెనకున్న వయొలిన్ల తయారీదారు స్ట్రాడివారి పోయింది 1737లో. ఆయన నమూనాతో కార్ఖానాల్లో చేసిన వేలాది వయొలిన్లకు ఆ చీటీ అంటించారు.

"చీటీ వాయిస్తుందా తల్లీ?" అని, వయొలిన్‌ను చెవి దగ్గర పెట్టుకుని అంచు చుట్టూ మెటికతో తట్టుకుంటూ వచ్చారు. నడుం ఒంపు దగ్గర జిర్రుమంది. అతుకు విడింది. అదేమంత దోషం కాదట. ఒత్తిడి వచ్చినప్పుడు సరేసు ముందు తాను వదిలేసి చెక్కను కాపాడుతుంది. మళ్లీ పూసి బిగిస్తే సరి. ఎవరో తొందరపడి తెల్ల బంక వేసిన ఇంకో వాయిద్యం చూపించారు. విప్పబోతే పైపలక పేళ్లుగా లేచిపోయింది. ఆ గాయాన్ని తడుముతూ ఆయన కాసేపు మాట్లాడలేదు.

రెండోది కొత్తది. పాతదే గొప్పదని నేనూ నమ్మినదాన్నే. కానీ 2012లో పారిస్ దగ్గర పదిమంది పేరున్న సోలో కళాకారులకు ఏది ఏదో కంటికి కనపడకుండా చేసి వాయించమంటే, ఆరుగురు కొత్త వయొలిన్లనే కోరుకున్నారు. అక్కడున్న పాతవాటిలో ఐదు స్ట్రాడివారి చేసినవే.

అమ్మాయి నేల మీద కూర్చుని, వయొలిన్ తలను చీలమండ దగ్గర ఆనించి, తన శ్రుతికి స-ప-స-ప కట్టింది. పై రెండు తీగలు పాశ్చాత్యుల కన్నా తగ్గించి కడతాం కదా, అలా తగ్గినా గమకం తేలాలి. తేలింది. మంద్ర షడ్జం మాత్రం గొంతులోనే ఉండిపోయింది. పెద్దాయన వంకర ఇనుప కడ్డీ ఒకటి పలక రంధ్రంలోంచి దూర్చి, లోపల నిలబెట్టిన పుల్లను నూలుపోగంత జరిపారు. వీణవాళ్లలాగే బ్రిడ్జిని గుర్రం అంటారాయన. పుల్ల ఆ గుర్రం కాలికి కాస్త వెనగ్గా నిలబడాలి.

"నువ్వు వీధిలోకెళ్లి విను" అన్నారు. వెళ్లాను. ఈసారి షడ్జం గోడ దాటి నా దాకా వచ్చింది.

కొత్తదే తీసుకున్నాం. వానలు పోయాక మళ్లీ తెమ్మన్నారు. కర్ర తేమకు ఉబ్బి, ఎండకు ముడుచుకునేసరికి ఆ పుల్ల పట్టు మారుతుందట.