గెలిస్తే కూర్చో, ఓడితే లే

ఫైటింగ్ గేమ్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది దొరికిన బటన్లన్నీ టకటకా నొక్కేయడం. టెక్కెన్ 3లో ఎడ్డీని తీసుకుని, రెండే రెండు కిక్ బటన్లతో చుట్టాల పిల్లలందర్నీ ఏడిపించినవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. మా ఇంట్లో అది నేనే. ఆ ఆటల్ని ఎవరైనా సీరియస్‌గా చదువుకుంటారని, దాని కోసం ఊళ్లు దాటి వెళ్తారని సెకండియర్ దాకా నాకు తెలీదు. హాస్టల్ వైఫై బాగా వచ్చే ఓ రాత్రి ‘తోగెకి’ అనే మాట కంటబడింది. అప్పట్నుంచి ఆ పిచ్చి వదల్లేదు.

తోగెకి జపాన్‌లో 2003 నుంచి 2012 దాకా నడిచిన ఫైటింగ్ గేమ్ టోర్నమెంట్. ‘తో’ అంటే పోరు, ‘గెకి’ అంటే నాటకం. బయటి దేశాలవాళ్లు దాన్ని సూపర్ బ్యాటిల్ ఒపేరా అనేవాళ్లు. దాన్ని నడిపింది ఆర్కేడియా అనే పత్రిక. అవును, పత్రికే! ఎంటర్‌బ్రెయిన్ అనే ప్రచురణ సంస్థ తెచ్చేది. అంతకుముందు గేమెస్ట్ అనే పత్రిక ఉండేది, 1999లో దాని ప్రచురణకర్తలు దివాలా తీశారు. మరుసటేడు ఆర్కేడియా మొదలైంది. కాగితం మీద వచ్చే పత్రిక ఒక దేశంలోని ఆటగాళ్లందర్నీ ఒక స్టేజి మీదికి తెచ్చిందంటే, ఈ-మ్యాగజైన్ నడుపుకునే మనం కాస్త గర్వపడొచ్చు.

తోగెకి అర్థం కావాలంటే ముందు జపాన్ గేమ్ సెంటర్ల గురించి చెప్పాలి. అక్కడ రెండు మెషిన్లని వెనకా వెనకా ఆనించి పెడతారు. నువ్వు ఇటు కూర్చుంటే ఎదుటివాడు అటు. మధ్యలో మెషిన్లు అడ్డం కాబట్టి వాడి మొహం నీకు కనబడదు, ఆట మాత్రమే కనబడుతుంది. ఆటకి వంద యెన్లు. మన లెక్కలో యాభై, అరవై రూపాయలు. గెలిస్తే కూర్చునే ఉంటావు, తర్వాతి ఆట ఉచితం. ఓడితే లేవాలి. మళ్లీ ఆడాలంటే లైన్లో నిలబడి ఇంకో నాణెం వేయాలి. బాగా ఆడేవాడికి ఒక్క నాణెంతో సాయంత్రం గడిచిపోతుంది. కొత్తగా వచ్చినవాడి జేబు అరగంటలో ఖాళీ అవుతుంది.

మా బాబాయ్‌కి ఇదంతా చెబితే, “ఇందులో కొత్తేముందిరా?” అన్నాడు. ఆయన స్కూల్ రోజుల్లో మా ఊరి బస్టాండ్ వెనక వీడియో గేమ్ షాపులో రూపాయి బిళ్లకి ‘ముస్తఫా’ ఆడేవాళ్లట. ఆ గేమ్ అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అని నేను చెప్పేదాకా ఆయనకి తెలీదు. పక్క మెషిన్ మీద కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97 ఉండేదట. “ఆడేవాడు ఒకడు, వెనక నిలబడి చెప్పేవాళ్లు పదిమంది” అన్నాడు. ఆ వెనక నిలబడేవాళ్ల సంగతి కాసేపట్లో మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

తోగెకి ఈ గేమ్ సెంటర్ల నుంచే పుట్టింది. దేశమంతా ఉన్న సెంటర్లలో క్వాలిఫయర్లు పెట్టేవాళ్లు. అక్కడ గెలిచిన టీములు ఫైనల్స్‌కి వచ్చేవి. మెల్లగా బయటి దేశాల్లో కూడా క్వాలిఫయర్లు మొదలయ్యాయి. రాలేనివాళ్లు డీవీడీలు కొనుక్కుని చూసేవాళ్లు. అసలు విశేషం రూల్స్‌లో ఉంది. ఒక్కసారి ఓడితే ఇంటికే. అదీ చాలావరకు ఒకే ఒక్క గేమ్‌తో తేలిపోయేది. అమెరికాలో జరిగే ఎవో టోర్నమెంట్ అలా కాదు. అక్కడ ఒకసారి ఓడినా లూజర్స్ బ్రాకెట్ ఉంటుంది, రెండోసారి ఓడితేనే అవుట్. అక్కడ ఒక మ్యాచ్ అంటే కనీసం మూడింట రెండు గేములు గెలవాలి.

మనం ఇంజనీరింగ్ వాళ్లం కాబట్టి లెక్క వేసి చూద్దాం. ఎదుటివాడి మీద నువ్వు ప్రతి గేమూ గెలిచే అవకాశం 60 శాతం అనుకో. మూడింట రెండు గెలవాలంటే నీ అవకాశం 64.8 శాతం. అయిదింట మూడు అంటే 68 శాతం దాటుతుంది. ఒకే గేమ్ అయితే 60 దగ్గరే ఆగిపోతుంది. అలా వరుసగా అయిదు మ్యాచ్‌లు నెగ్గాలంటే నూటికి ఎనిమిది వంతులు కూడా లేదు. అంటే ‘ఎవడు నిజంగా గొప్పవాడు’ అని తేల్చడానికి తోగెకి పద్ధతి అంత మంచిది కాదు. మంచి ఆటగాడు పొద్దున్నే ఓడిపోయి సాయంత్రం దాకా కుర్చీలో కూర్చుని మిగతావాళ్ల ఆట చూడాల్సి రావచ్చు.

అయినా పదేళ్లు నడిచింది. ఎందుకో నాకు తోచింది చెబుతాను. తోగెకిలో చాలా గేములు టీముల మధ్య జరిగేవి. ఒక్కో టీములో ఇద్దరో ముగ్గురో. నువ్వు ఓడితే నీ స్థానంలో నీ టీమ్‌మేట్ కూర్చుంటాడు. గెలిచినవాడు మాత్రం లేవడు. కాబట్టి ముగ్గురిలో ఇద్దరు పోయినా, మూడోవాడు అవతలి ముగ్గుర్నీ ఒక్కడే కొట్టొచ్చు. ఎవర్ని ముందు పంపాలి, ఎవర్ని ఆఖరికి దాచాలి అన్నది పెద్ద చర్చ. ఇంకో సంగతి ఉంది. నువ్వు ఆడుతున్నంతసేపూ నీ టీమ్‌మేట్ వెనక నిలబడి చూస్తుంటాడు. ఎదుటివాడు కంగారుపడితే ఏం చేస్తాడు, కిందపడి లేస్తూ ఏం నొక్కుతాడు, ఇవన్నీ కుర్చీలో ఉన్న నీకంటే వాడికే బాగా కనిపిస్తాయి. నీ ఓటమి అక్కడితో ఆగిపోదు, వెనకున్నవాడి చేతికి సమాచారంగా అందుతుంది.

ఆ గేమ్ సెంటర్లలో తయారైనవాడే దైగో ఉమెహరా. 2004 ఎవోలో అతని ఆట మీలో చాలామంది యూట్యూబ్‌లో చూసే ఉంటారు. స్ట్రీట్ ఫైటర్ 3 థర్డ్ స్ట్రైక్. దైగో ఆడుతున్నది కెన్‌తో, ఎదురుగా జస్టిన్ వాంగ్ చున్-లీతో. కెన్ ప్రాణం గీతంత మిగిలింది. ఇక గార్డ్ చేసుకున్నా, దెబ్బ చివర తగిలినా చాలు, ఆట అయిపోయినట్టే. చున్-లీ తన సూపర్ విసిరింది, వరుసగా పదిహేను దెబ్బలు. ఈ గేమ్‌లో ‘ప్యారీ’ అని ఒకటుంది. దెబ్బ తగిలే క్షణంలో వెనక్కి కాకుండా ముందుకి, శత్రువు వైపుకి నొక్కితే ఏ నష్టమూ ఉండదు. కొంచెం తొందరపడినా, కొంచెం ఆలస్యమైనా చస్తావు. మొదటి దెబ్బకైతే చున్-లీ సూపర్ మొదలయ్యేలోపే నొక్కి ఉండాలి, చూశాక నొక్కడం కుదరదు. దైగో పదిహేనూ ఆపి, ఎదురుదాడితో గెలిచాడు. హాల్ అంతా లేచి అరిచింది.

అయితే ఆ వీడియో చూసినవాళ్లలో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. అది లూజర్స్ ఫైనల్. ఆ టోర్నమెంట్ దైగో గెలవలేదు. గ్రాండ్ ఫైనల్లో ‘కేవో’ అనే మరో జపాన్ ఆటగాడు అతన్ని ఓడించాడు. ఫైటింగ్ గేముల చరిత్రలో అందరికన్నా ఎక్కువమంది గుర్తుపెట్టుకున్న మ్యాచ్ రెండో స్థానంలో వచ్చినవాడిది.

“సరే, దీనివల్ల ఏమొస్తుంది?” అని ఇంట్లో అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. డబ్బు గురించి అయితే, ఆ రోజుల్లో జపాన్‌లో పెద్దగా ఏమీ రాదు. వినియోగదారులకిచ్చే బహుమతుల మీద అక్కడ చట్టం ఉంది, పరిమితి లక్ష యెన్లు. గేమ్ కంపెనీలు ఇచ్చే ప్రైజు కూడా దాని కిందికే వస్తుందేమోనన్న భయం చాలాకాలం ఉండేది. ఆ భయం తీర్చడానికి తర్వాత ప్రో లైసెన్సులు తెచ్చారు. 2019 టోక్యో గేమ్ షోలో మొమోచి అనే ఆటగాడు స్ట్రీట్ ఫైటర్ టోర్నమెంట్ గెలిచాడు. ప్రైజు 50 లక్షల యెన్లు. అతను ఆ లైసెన్సు తీసుకోలేదు. చేతికొచ్చింది 60,200 యెన్లు.

దైగో అయితే మధ్యలో ఆటలు పూర్తిగా మానేసి కొంతకాలం వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పనిచేశాడు. స్ట్రీట్ ఫైటర్ 4 వచ్చాక తిరిగొచ్చాడు. మన బ్రాంచ్ వాళ్లకి నచ్చే పేరు ఇంకొకటి చెప్తాను, తొకిదో. టోక్యో యూనివర్సిటీలో మెటీరియల్స్ ఇంజనీరింగ్ చదివాడు. 2002లో కుర్రాడిగా ఎవోలో క్యాప్‌కామ్ వర్సెస్ ఎస్ఎన్‌కే 2 గెలిచాడు. 2017లో లూజర్స్ బ్రాకెట్ నుంచి ఎక్కి వచ్చి స్ట్రీట్ ఫైటర్ 5 గెలిచాడు. మధ్యలో పదిహేనేళ్లు. ‘కాబట్టి మీరూ చదువు పక్కన పెట్టేయండి’ అని నేను అనడం లేదు. అతను చదువు పూర్తి చేశాడు కూడా. నాకు ఆశ్చర్యం ఆ పదిహేనేళ్లే. రెస్యూమేలో ఒక్క లైను కూడా రాని పని మీద ఎవరైనా అన్నాళ్లు ఎలా నిలబడతారు?

తోగెకి మాత్రం నిలబడలేదు. స్ట్రీట్ ఫైటర్ 4 2008లో గేమ్ సెంటర్లకి వచ్చింది, మరుసటి ఫిబ్రవరికల్లా ఇళ్లలోకీ వచ్చేసింది. ఇంట్లోనే ఆన్‌లైన్‌లో ఆడుకోవచ్చంటే, నాణేలు పట్టుకుని రైలెక్కేవాళ్లు తగ్గుతారు కదా. 2012 తర్వాత తోగెకి జరగలేదు. ఆర్కేడియా కూడా ఆగిపోయింది. 2022లో సెగా కంపెనీ గేమ్ సెంటర్ల వ్యాపారం నుంచి పూర్తిగా తప్పుకుంది, బోర్డుల మీద సెగా పేరు పోయి గీగో అని వచ్చింది. తకదనొబబలో మికాడో లాంటి సెంటర్లు కొన్ని ఇంకా టోర్నమెంట్లు పెడుతూ ఆ దీపం ఆరకుండా చూస్తున్నాయి.

2018లో ఎవో జపాన్ మొదలైంది. మరుసటేడు ఫుకువోకాలో జరిగింది. అక్కడికి లాహోర్ నుంచి అర్స్‌లాన్ యాష్ అనే కుర్రాడు వచ్చాడు. వీసా తిప్పలు, విమానాలు మారడాలు, చేతిలో ఉన్న పాకిస్తానీ రూపాయలు దారిలో మార్చుకోలేకపోవడం, అన్నీ పడి వచ్చాడు. ఎవరికీ పెద్దగా తెలీదు. టెక్కెన్ 7 ఫైనల్లో ఫిలిప్పీన్స్‌కి చెందిన ఏకేని ఓడించి టైటిల్ పట్టుకెళ్లాడు. తర్వాత అతను చెప్పిన మాట అందర్నీ ఆశ్చర్యపరిచింది. తనలాంటివాళ్లు లాహోర్‌లో ఇంకా ఉన్నారట. కొరియా దిగ్గజం నీ నిజమో కాదో చూద్దామని పాకిస్తాన్ వెళ్లాడు. నిజమే. అక్కడి గేమ్ షాపుల్లో ఒకరి వెనక ఒకరు నిలబడి, ఒకరి ఓటమి నుంచి ఇంకొకరు నేర్చుకుంటూ ఎదిగిన గుంపు అది. జపాన్‌లో గేమ్ సెంటర్లు మూతపడుతున్న కాలంలో ఆ పద్ధతి లాహోర్‌లో బతికే ఉంది.

ఇప్పుడు మా హాస్టల్ సంగతి. ప్లేస్‌మెంట్ సీజన్ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అది కూడా సింగిల్ ఎలిమినేషనే. పైగా ఎవడి గేమ్ వాడిదే, వెనక ఎవరూ నిలబడరు. మా రూమ్మేట్‌ది కరీంనగర్. బాగా చదువుతాడు. వరుసగా అయిదు కంపెనీల ఆన్‌లైన్ టెస్టుల్లో పోయింది. ఎవరైనా అడిగితే “పోయింది, అంతే” అని దుప్పటి కప్పుకునేవాడు. భోజనానికి కూడా మెస్ మూసేసే టైమ్‌కి వెళ్లేవాడు, ఎవరూ కనబడకుండా.

ఆదివారాలు మా రూములో థర్డ్ స్ట్రైక్ ఆడతాం. ఒక లాప్‌టాప్, రెండు కంట్రోలర్లు. తోగెకి చూసిన పిచ్చిలో ముగ్గురేసి టీములు పెట్టాం. ఓ ఆదివారం వాడు మొదట ఆడి ఓడిపోయాడు. లేస్తూ నా చెవిలో, “వాడు దూకినప్పుడల్లా కింద కిక్కే కొడుతుండు, సూస్కో” అన్నాడు. నేను చూసుకున్నాను. గెలిచాను. ఆ రాత్రి వాడితో, “ఇప్పుడు చెప్పినట్టే ఆ టెస్టు గురించి కూడా చెప్పొచ్చు కదరా” అన్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, “మొదటి రెండూ అయినయ్ రా. మూడోది గ్రాఫ్‌ల మీద. ఆడనే టైమంతా పోయింది” అన్నాడు. లేచి కాగితం తీసి ఆ ప్రశ్న గీసి చూపించాడు.

తర్వాతి వారం పక్క రూమ్ అబ్బాయికి వేరే కంపెనీ టెస్టులో అలాంటి ప్రశ్నే వచ్చింది. దాటేశాడు. ముందు మా రూమ్మేట్‌కే ఫోన్ చేశాడు. వీడు “సూపర్ రా” అన్నాడు, మనస్ఫూర్తిగానే. ఫోన్ పెట్టేశాక గోడ వైపు తిరిగి పడుకున్నాడు. టీమ్‌గా ఆడితే ఓటమి నొప్పి తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. తగ్గదు. కాకపోతే వాడు ఆ రాత్రి మెస్‌కి మాతోపాటే వచ్చాడు.

ఇప్పుడు టెస్టు రాసి వచ్చినవాళ్లు రాత్రి తొమ్మిదికి మా రూముకి వస్తున్నారు. ఎక్కడ పోయిందో చెప్తారు, మిగతావాళ్లు రాసుకుంటారు. అందరికన్నా బాగా చెప్పేది మా కరీంనగర్ వాడే, అందరికన్నా ఎక్కువ టెస్టులు వాడే రాశాడు మరి. ఇది రాసే నాటికి వాడికి ఇంకా ఆఫర్ రాలేదు. వచ్చే మంగళవారం ఇంకో టెస్టు ఉంది.

ఆదివారం గేమ్ మాత్రం ఆగలేదు. జూనియర్లు కూడా రావచ్చు. ఎంట్రీ ఫీజు లేదు, ప్రైజు లేదు. ఒకటే రూలు: ఓడినవాడు కంట్రోలర్ ఇచ్చి లేవాలి, కానీ రూములోంచి వెళ్లిపోకూడదు. వెనక నిలబడి, చూసింది చెప్పాలి.