ఆకలి చెప్పలేని మనిషి

"మా నాన్నకు షుగర్ లేదండీ. ఇక్కడికొచ్చాకే వచ్చింది."

ఐసీయూ తలుపు బయట నిలబడి ఆ కుర్రాడు ఈ మాట అన్నప్పుడు గొంతులో కోపం కంటే భయమే ఎక్కువగా వినిపించింది. వాళ్ల నాన్నగారికి అరవై దాటాయి. మిరప రైతు. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు నెలల తరబడి వేసుకున్నారు. చివరికి జీర్ణాశయానికి చిల్లు పడింది. రెండు రోజులు ఆ నొప్పి ఇంట్లోనే ఓర్చుకుని మా దగ్గరికి వచ్చారు. అర్ధరాత్రి ఆపరేషన్ చేసి, చిల్లు మూసి, కడుపంతా సెలైన్‌తో కడిగి, వెంటిలేటర్ మీద సర్జికల్ ఐసీయూకి తెచ్చాం. తెల్లారేసరికి షుగర్ 286.

ఆ కుర్రాడు చెప్పింది నిజమే. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయిస్తే 5.5 వచ్చింది. ఆయనకు మధుమేహం లేదు. అయినా రక్తంలో చక్కెర 286 ఉన్నదీ నిజమే.

అతన్ని కూర్చోబెట్టి నాకు తెలిసిన పద్ధతిలో చెప్పాను. "ఊరికి వరదొస్తోందంటే ఇంట్లో ఉన్న బియ్యమంతా బయటికి తీస్తాం చూడు, ఒళ్లు కూడా అలాగే చేస్తుంది బాబూ." పెద్ద గాయం తగిలినా, కడుపులో చీము పట్టినా శరీరం దాన్ని ప్రాణాపాయంగానే లెక్కిస్తుంది. అడ్రినలిన్, కార్టిసాల్, గ్లూకగాన్ అనే హార్మోన్లు ఒక్కసారిగా పెరుగుతాయి. కాలేయం దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదులుతుంది, అది చాలక కొత్తగా తయారు చేస్తుంది. కండరాలేమో ఇన్సులిన్ మాట వినడం మానేస్తాయి. కాసేపైతే ఇది మేలే. రోజుల తరబడి సాగితే తెల్ల రక్తకణాలకు సూక్ష్మజీవులను చంపే సత్తువ తగ్గుతుంది. సుమారు 180 దాటిన చక్కెర మూత్రంలో పడిపోతూ ఒంట్లో నీటిని కూడా వెంట తీసుకుపోతుంది. కుట్లు మానవు.

అందుకే షుగర్ లేని మనిషికి ఇన్సులిన్ పెట్టాం. నాలుగో రోజుకు ఆ అవసరం తీరిపోయింది. ఇంటికి పంపేటప్పుడు మాత్రం, మూడు నెలలకోసారి పరీక్ష చేయించమని కుర్రాడికి మరీ మరీ చెప్పాను. ఇలా జబ్బులో చక్కెర పెరిగినవాళ్లలో కొందరికి తర్వాత్తర్వాత మధుమేహం బయటపడుతుంది.

చక్కెర పెరిగితే చెడు కాబట్టి ఎంత తగ్గిస్తే అంత మంచిదని ఎవరికైనా అనిపిస్తుంది. ఒకప్పుడు మాకూ అలాగే అనిపించింది. 2001లో బెల్జియంలోని లూవెన్ నుంచి గ్రీట్ వాన్ డెన్ బెర్గ్ అనే డాక్టర్, ఆమె బృందం ఒక అధ్యయనం ప్రచురించారు. సర్జికల్ ఐసీయూలో వెంటిలేటర్ మీదున్న 1548 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు చక్కెరను 80 నుంచి 110 మధ్య గట్టిగా పట్టి ఉంచారు. రెండో జట్టుకు 215 దాటితేనే ఇన్సులిన్ మొదలుపెట్టారు. ఐసీయూలో మరణాలు 8 శాతం నుంచి 4.6 శాతానికి తగ్గాయి. ఒక పాత మందుతో, ఒక సిరంజి పంపుతో ఇన్ని ప్రాణాలు నిలబెట్టవచ్చంటే ఏ డాక్టరు వద్దంటాడు? మా ఐసీయూ గోడకూ '80-110' అని రాసిన కాగితం అతికించాం. నా చేత్తోనే అతికించాను.

ఆ కాగితం గోడ మీద ఉన్న రోజుల్లోనే ఒక టీచరమ్మ మా దగ్గర చేరారు. పేగు మెలిపడి కుళ్లిపోతే ఆ భాగం తీసేశాం. మత్తులో, వెంటిలేటర్ మీద ఉన్నారు. ముక్కులో గొట్టం ద్వారా పాలలాంటి ఆహారం వెళ్తోంది. పక్కనే పంపులో 50 మిల్లీలీటర్ల సెలైన్‌లో 50 యూనిట్ల ఇన్సులిన్ చుక్కలు చుక్కలుగా ఎక్కుతోంది. షుగర్ 104. ఆ అంకె చూసి సంతోషపడ్డాను.

సాయంత్రం సీటీ స్కాన్‌కి తీసుకెళ్లాలి. దారిలో వాంతి కాకుండా గొట్టంలో ఆహారం ఆపారు. ఇన్సులిన్ పంపుకి బ్యాటరీ ఉంది, అది ఆమెతో పాటే స్కాన్ గదికి వెళ్లింది. లిఫ్ట్ కోసం ఆగారు, స్కాన్ దగ్గర ఇంకో ఎమర్జెన్సీ ఉంటే ఆగారు. తిరిగొచ్చాక వెంటిలేటర్ సరిచేసే హడావిడిలో ఆహారం మళ్లీ మొదలుపెట్టడం ఎవరికీ గుర్తు రాలేదు. రెండు గంటల పైమాటే గడిచింది. డ్యూటీ మారి వచ్చిన సిస్టర్ వేలు పొడిచి చూస్తే 28.

వెంటనే 25 శాతం డెక్స్‌ట్రోజ్ ఎక్కించాం. పది నిమిషాల్లో అంకె 110 దాటింది. నాకు మాత్రం ఆ రాత్రి గడవలేదు. బయట తిరిగే మనిషికి షుగర్ పడిపోతే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, ఏదో ఒకటి నోట్లో వేసుకుంటాడు. మత్తులో ఉన్న మనిషికి ఆ వణుకు మందుల కింద కప్పబడిపోతుంది. మెదడుకు ఆహారం అందకపోయినా ముఖం ప్రశాంతంగానే కనిపిస్తుంది.

మర్నాడు ఆమె భర్తను పిలిచి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన చాలాసేపు నేల చూస్తూ ఉండిపోయారు. తర్వాత ఒకటే అడిగారు: "అంటే, ఆ టైములో తనకు ఆకలేసుంటుందా డాక్టరు గారూ?"

ఎన్నో కాన్ఫరెన్సుల్లో కూర్చున్నాను. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఆమె బతికి, నడిచి ఇంటికి వెళ్లారు. కొన్ని నెలల తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు పిల్లల పేర్లు మునుపటంత చటుక్కున తట్టడం లేదని నవ్వుతూనే అన్నారు. అది ఆ రెండు గంటల వల్లో, అన్ని రోజుల జబ్బు వల్లో ఎవరూ తేల్చి చెప్పలేరు. నేను మాత్రం ఆ రెండు గంటలనే తలుచుకుంటాను.

చక్కెరను అంత బిగించాలా అన్న ప్రశ్నకు మాత్రం 2009లో ఒక జవాబు వచ్చింది. నైస్-షుగర్ అనే అధ్యయనంలో ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, ఉత్తర అమెరికా ఆసుపత్రుల్లో 6104 మందిని చూశారు. చక్కెరను 81-108 మధ్య బిగించి ఉంచినవారిలో 90 రోజుల్లో 27.5 శాతం మంది చనిపోతే, 180 లోపు ఉంచితే చాలనుకున్నవారిలో 24.9 శాతం మంది చనిపోయారు. షుగర్ 40కి గానీ అంతకంటే కిందికి గానీ పడిపోవడం బిగించిన జట్టులో 6.8 శాతం మందిలో, రెండో జట్టులో 0.5 శాతం మందిలో కనిపించింది. ఆ పేపర్ చదివిన రోజే గోడ మీది కాగితం చించేశాను. ఇప్పుడు మేము 180 దాటితే ఇన్సులిన్ మొదలుపెట్టి, 140-180 మధ్య ఉంచుతున్నాం.

అలాగని లూవెన్ డాక్టర్లు తప్పు చెప్పారని కాదు. వాళ్ల రోగుల్లో 60 శాతానికి పైగా గుండె ఆపరేషన్ అయినవారు. అందరికీ మొదటి నుంచే రక్తనాళం ద్వారా గ్లూకోజ్, పోషకాలు ధారాళంగా ఎక్కించేవారు. అలా పోసిన చక్కెర మీద ఇన్సులిన్ బాగా పని చేసి ఉండవచ్చు. 2023లో అదే లూవెన్ బృందం, తొలి రోజుల్లో రక్తనాళం ద్వారా పోషకాలు ఇవ్వకుండా, 9230 మందిలో మళ్లీ పరీక్షించి చూసింది. ఈసారి బిగించినా, వదులుగా ఉంచినా ఐసీయూలో ఉండాల్సిన రోజుల్లో గానీ మరణాల్లో గానీ తేడా రాలేదు. తమ పేరు నిలబెట్టిన ఫలితాన్నే మళ్లీ తూకానికి పెట్టిన ఆ నిజాయితీ అంటే నాకు చాలా గౌరవం.

టీచరమ్మ తర్వాత నేను నేర్చుకున్నవన్నీ చిన్న చిన్న సంగతులు, కానీ ప్రాణాలు వాటి మీదే ఆధారపడి ఉంటాయి. మన దగ్గర ఇన్సులిన్ సీసాలు రెండు రకాలు: మిల్లీలీటరుకు 40 యూనిట్లది, 100 యూనిట్లది. ఒకటనుకుని ఇంకొకటి కలిపితే మోతాదు రెండున్నర రెట్లు మారిపోతుంది. కాబట్టి కలిపేటప్పుడు ఇద్దరు చూడాలి, సీసా మీద అంకె పైకి చదవాలి. బీపీ పడిపోయి వేళ్లు చల్లబడిన మనిషికి వేలు పొడిచి చూసిన లెక్క నమ్మకూడదు, ధమని నుంచి తీసిన రక్తం చూడాలి. గ్లూకోజ్ ఎక్కుతున్న చేతి నుంచే రక్తం తీస్తే మీటర్ లేని చక్కెరను చూపిస్తుంది. దాన్ని నమ్మి ఇన్సులిన్ పెంచితే ప్రమాదం. ఇన్సులిన్ పొటాషియాన్ని కూడా కిందికి లాగుతుంది కాబట్టి ఆ అంకె మీదా కన్నుండాలి.

ఇంటివాళ్లు చేయగలిగిందీ ఉంది. పెద్దవాళ్లు వేసుకునే షుగర్ మాత్రల అట్టలు వెంట తీసుకురండి. డాపాగ్లిఫ్లోజిన్‌లాంటి మాత్రలను ముందే నిర్ణయించుకున్న ఆపరేషన్‌కి మూడు రోజుల ముందే ఆపాలి. లేకపోతే షుగర్ అంకె మామూలుగానే కనిపిస్తూ రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది. అలాంటి మాత్రలు వేసుకుంటున్న సంగతి డాక్టరుకు చెప్పకుండా దాచడం, మరిచిపోవడం రెండూ ఒకటే.

మా యూనిట్లో ఇప్పుడు గోడ మీద అంకె లేదు. ఒక నియమం ఉంది: ఆహారం ఆపిన చెయ్యే ఇన్సులిన్ ఆపాలి. స్కాన్ కోసమైనా, గొట్టం ఊడినా, వాంతి అయినా సరే. రోగి మంచం కదలకముందే.

మొన్న రాత్రి రెండున్నరకు ఫోన్ మోగింది. చేరి నెల కూడా కాని సిస్టర్. "సార్, ఆరో బెడ్ తాతగారికి వాంతి అయింది. ఫీడ్ ఆపాను, ఇన్సులిన్ కూడా ఆపేశాను. షుగర్ 152. గంటకోసారి చూస్తున్నాను. ఇంత రాత్రప్పుడు లేపినందుకు ఏమనుకోకండి సార్."

"మంచి పని చేశావమ్మా. ఇలాంటిది ఉంటే ఎన్నిసార్లైనా లేపు" అన్నాను.

ఫోన్ పెట్టేశాక ఆ టీచరమ్మ భర్త గుర్తొచ్చారు. ఆయన ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. ఆరో బెడ్ తాతగారికి ఆకలేస్తుందేమోనని ఆలోచించే మనిషి మాత్రం ఆ రాత్రి ఆయన పక్కనే ఉంది.