పింగ్‌షాన్ గ్రామమున విన్న మాట

హాంకాంగు అనగానే మింటినంటు మేడలే మన కన్నులకు గట్టును. కాని ఆ నగరమునకు వాయవ్యమున పింగ్‌షాన్ అను ప్రాచీన గ్రామము కలదు. మేము రైలులో పోయి, తిన్ ష్యుయ్ వాయ్ స్టేషనులో దిగి నడచితిమి. మొదట మూడంతస్తుల ఇటుక గోపురమొకటి కనబడెను. దాని వయస్సు ఆరువందల యేండ్లకు పైమాట. తమ బిడ్డలు రాజోద్యోగ పరీక్షలలో నెగ్గవలెనని టాంగు వంశమువారు దానిని కట్టించిరట. పై యంతస్తున పరీక్షాఫలముల నొసగు దేవుడు కొలువై యున్నాడు.

సమీపముననే 1870లో కట్టిన కున్ టింగ్ విద్యామందిరము కలదు. పితృదేవతల పూజయు, బాలుర చదువును ఒక్క కప్పు క్రిందనే జరిగెడివి. 1905లో ఆ పరీక్షలు రద్దయ్యెను. నేడు అచ్చట వినబడునది చూడవచ్చినవారి యడుగుల చప్పుడే.

మాకు త్రోవ చూపిన వృద్ధురాలు ఒకప్పుడు ఉపాధ్యాయిని. మావారు బడిపంతులని విని, చిరునవ్వుతో కాంటనీసు వారి నానుడి నొకదానిని చెప్పెను: “ఙ్ యన్ జీ దై.” పరుల బిడ్డలను చెడగొట్టుట యని దాని భావము. చేతగాని గురువును ఈ మాటతో నిందింతురు. మంచి గురువులు సైతము, తామట్టి పాపము చేయుదుమేమో యని వినయముతో పలుకుదురట.

గ్రుడ్డివానికి గ్రుడ్డివాడు త్రోవ చూపినట్లని మనవారందురు. అందు ఇరువురును గోతిలో పడుదురు. ఈ నానుడిలోనో, గురువునకేమియు కాదు. నష్టమంతయు వేరొక యింటిది. మొదటి యక్షరమునకు ఆలస్యము చేయుట యను అర్థమును కలదు. బిడ్డకు పోయిన యేడు మరల వచ్చునా?

అది వినగానే మాకు పొరుగింటి బాలిక జ్ఞప్తికి వచ్చెను. చంపకమాలకు యతి యెచ్చటనని ఆ పిల్ల యడుగగా, వంటతొందరలో పదవ యక్షరమంటిమి. “పుస్తకములో పదునొకటి యని యున్నట్లున్నది, పిన్నిగారూ” అని మెల్లగా అనెను. ఉత్పలమాల లక్షణము చెప్పితిమని తెలిసియు, చిన్నపిల్ల యెదుట తప్పొప్పుకొన నభిమానపడి, “మేము చెప్పినదే వ్రాయుము” అంటిమి. ఆమె అట్లే వ్రాసి పరీక్షలో మార్కులు పోగొట్టుకొనెను. పొరపాటు తనదేయని తల్లితో చెప్పెనట!

ఇల్లు చేరిన మరునాడే ఆ పిల్లను పిలిచి, తల్లి యెదుట మా తప్పు చెప్పుకొంటిమి. ఆమె యేమియు అనక పుస్తకము తెచ్చి మా యెదుట విప్పెను. సోదరీమణులారా! బడిలోనే కాదు, వంటింటి గడపలోను మనము గురువులమే. “తెలియదమ్మా, చూచి చెప్పెదను” అనుట మనకు చిన్నతనము కాదు.